వరదొస్తే ఏం పట్టుకెళ్లాలి: లంక ఊరి చెల్లెలి ప్రశ్నకి జవాబు

ప్రశ్న: అక్కా, మాది కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదారి పాయల మధ్య ఒక లంక ఊరు. మా ఆయన కువైట్‌లో ఉంటారు, ఇక్కడ నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఒక పాడిగేదె. అత్తగారికి షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి. పోయిన వరదకి పొద్దున్నే మైక్‌లో ఖాళీ చేయమని చెప్పినా మేం పడవెక్కేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. నేనేమో బీరువా ముందు నిలబడి ఏది తీయాలో తెలీక ఏడుపు, ఆవిడేమో గేదెని వదిలి రానని, మామయ్యగారి ఫొటో దించమని. చివరికి చీరల బ్యాగులు, మిక్సీ తెచ్చుకున్నాం, ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఈసారికైనా ఏమేం పట్టుకెళ్లాలో ఒక లిస్టు చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, లిస్టు చెప్తాను, అది చిన్నదే. కానీ నీ ఉత్తరం రెండోసారి చదివాక నాకర్థమైంది ఏంటంటే నీకు లేటయింది లిస్టు లేక కాదు, ఇంట్లో నిన్ను కదలనివ్వనివి నాలుగున్నాయి: బంగారం, కాగితాలు, గేదె, అత్తగారి మనసు. ఈ నాలుగింటి సంగతీ నీళ్లొచ్చిన రోజు పొద్దున్న తేల్చుకుందాం అంటే ఎవరివల్లా అవ్వదు, నువ్వనే కాదు ఎంత గుండెధైర్యం ఉన్నోళ్లైనా గాబరాలో చేతికందింది సంచిలో పడేసుకుంటారు, నీకు మిక్సీ అందింది అంతే, దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు. ఈ నాలుగూ జూన్‌లోనే, గోదారి ఇంకా ఇసకతిన్నెలు కనబడేలా ఉన్నప్పుడే తేలిపోవాలి. ఇంట్లో ఏదుంటే నువ్వు గడప దాటలేవో అదే ముందు గడప దాటాలి, మిగతాదంతా తర్వాత.

ముందు టైం సంగతి చెప్తాను, ఎందుకంటే ఎంత పట్టుకెళ్లాలన్నది ఎంత టైం ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది. గోదారి వరద ఒక్క విషయంలో మంచిది, చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు మన దాకా దిగడానికి టైం పడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి ఇస్తారు. టీవీలోను, ఫోన్లోను ఈ అంకెలు రోజూ వస్తాయి. కానీ లంకలో ఉన్నోళ్లు ఈ మూడో హెచ్చరిక దాకా కూర్చోకూడదు, మీకు అసలు లెక్క మీ ఊరి కాజ్‌వే, అంటే ఏటిపాయ మీద వేసిన పల్లపు రోడ్డు. అది మునిగితే నడిచి వెళ్లే దారి పోయినట్టే, ఇక పడవే గతి, పడవ అంటే ఒకరి టైం ప్రకారం, ఒకరు ఎక్కించుకుంటే ఎక్కడం. అందుకే భద్రాచలంలో రెండో హెచ్చరిక అని వినగానే నువ్వు బయల్దేరే పని మొదలుపెట్టు, కాజ్‌వే మీద ఇంకా ఆటో తిరుగుతుండగానే అత్తగారిని, పిల్లల్ని గట్టు దాటించెయ్యి. వరద రాకపోతే? రాకపోతే రెండ్రోజులు చుట్టాలింట్లో ఉండి వచ్చావు, అంతే కదా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, పెద్దవాళ్లందరూ ఇప్పటికీ దాంతోనే పోలుస్తారు, "ఎనభయ్యారులోనే మన అరుగెక్కలేదు" అని కూర్చుంటారు. 2022 జూలైలో మళ్లీ 71 దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు. అప్పటికీ ఇప్పటికీ ఏటిగట్లు మారాయి, ఇసక మేటలు మారాయి, కొత్త రోడ్లు పడ్డాయి, నీళ్లు పోయే దారులు మారాయి, కాబట్టి పాత అరుగు లెక్క నమ్మొద్దు.

తుఫానుకి కూడా రెండుమూడు రోజుల ముందే తెలుస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరితోటలు నేలమట్టం అయిపోయాయి, మీ అత్తగారిని అడుగు ఆ రాత్రి గురించి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు రోజుల ముందు నించే ఫోన్లకి మెసేజ్‌లు వచ్చాయి. తుఫానుకి తేడా ఏంటంటే గాలి మొదలయ్యాక బయటికి రాకూడదు, చెట్లు, రేకులు, కరెంటు తీగలు మీద పడతాయి. వెళ్తే గాలి రాకముందే వెళ్లాలి. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయి నిశ్శబ్దంగా అయిపోతే అయిపోయిందనుకుని ఇంటికి పరిగెత్తొద్దు, అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

ఇంకోటి మన కోనసీమకే ఉన్న భయం, గ్యాస్. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగదన్ని అంటుకున్న బ్లోఅవుట్ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. గ్యాస్ వాసన గుప్పుమన్నా, పొగమంచులాగా తెల్లగా కమ్ముకున్నా అప్పుడు బ్యాగు లేదు, కాగితాలు లేవు, చెప్పులు కూడా వెతుక్కోవద్దు. లైటు స్విచ్ వేయొద్దు, ఉన్నది ఆపొద్దు, పొయ్యి వెలిగించొద్దు, బండి స్టార్ట్ చేయొద్దు. పిల్లల్ని పట్టుకుని గాలికి అడ్డంగానో ఎదురుగానో నడిచి దూరం వెళ్లిపోవాలి, దూరం వెళ్లాకే ఫోన్ చేయాలి. ఈ ఒక్కదానికి మాత్రం ఏం పట్టుకెళ్లాలి అన్న ప్రశ్నే లేదు, ఇది పిల్లలకి విడిగా చెప్పి ఉంచు.

సరే ఇప్పుడు ఆ నాలుగింటి దగ్గరకొద్దాం.

బంగారం. లంకల్లో జనం ఇల్లు వదలకపోవడానికి నీళ్ల మీద ధైర్యం ఒక కారణమైతే దొంగల భయం అంతకంటే పెద్ద కారణం, ఇంటికొకరు కాపలా ఉండిపోతారు, ఆ ఉండిపోయినవాళ్ల కోసం అర్ధరాత్రి పడవలు తిరగాల్సి వస్తుంది. బీరువాలో కాపలా కాయాల్సింది ఏమీ లేకపోతే ఎవరూ ఉండక్కర్లేదు కదా. జూన్‌లో ఒకరోజు బస్సెక్కి టౌన్‌కి వెళ్లి బ్యాంకు లాకర్‌లో పెట్టు, లాకర్ దొరక్కపోతే మిట్ట మీదున్న పుట్టింట్లో పెట్టు, సంక్రాంతికి తెచ్చుకో. జూలై నించి డిసెంబరు దాకా మెళ్లో సూత్రాలు, చెవులకి ఉన్నవి తప్ప ఇంట్లో గ్రాము ఉండకూడదు అని పెట్టుకో. మధ్యలో పెళ్లిళ్లు వస్తే ఇబ్బందే, వెళ్లి తెచ్చుకుని మళ్లీ పెట్టుకోవాలి, అయినా సరే.

కాగితాలు. అందరూ ఆధార్ కార్డు గురించే కంగారు పడతారు, నిజానికి ఆధార్ పోతే కొద్దిగా ఫీజు కడితే కొత్త కార్డు ఇంటికొస్తుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం ఇవన్నీ నంబరు తెలిస్తే మళ్లీ దొరికేవే. రిజిస్టర్ అయిన దస్తావేజు పోయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, తిరగాలి, ఖర్చవుద్ది, కానీ దొరుకుతుంది. పోతే ఇక దొరకనివి వేరే ఉంటాయి, వాటినే జనం పట్టించుకోరు. ఎవరికైనా అప్పిచ్చి రాయించుకున్న ప్రాంసరీ నోటు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు, తెల్లకాగితం మీద అన్నదమ్ములు రాసుకున్న పంపకాల చీటీ, మామయ్యగారు చేత్తో రాసిన వీలునామా ఉంటే అది. నోటు ఒరిజినల్ తడిసి ముద్దయిపోతే అప్పు తీసుకున్నాయన మంచోడైతే సరే, లేకపోతే కోర్టులో నిరూపించుకోవడం చాలా కష్టం. కాబట్టి వీటిని విడిగా ఒక మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి మడిచి, దాన్ని ఇంకో కవర్లో తిరగేసి పెట్టి, బంగారంతో పాటే లాకర్‌లో పడెయ్యి. తాకట్టు రసీదులు, ఎల్ఐసీ బాండ్లు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు కూడా అందులోకే. మిగతావి ఒక్కోటి వెలుతురులో పెట్టి అంకెలు చదవడానికి వచ్చేలా ఫొటో తీసి మీ ఆయనకి పంపు. కువైట్‌కి ఏ వరదా రాదు కాబట్టి ఆయన ఫోనే నీకు రెండో బీరువా. ఫోన్లో కాగితాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ కూడా పెట్టుకో, అందులోంచి వచ్చిన ఆధార్, టెన్త్ మెమోలు ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి. కాకపోతే డిజిలాకర్ తెరవాలంటే ఆ ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ వస్తుంది, ఆ సిమ్ మీ ఆయన దగ్గర కువైట్‌లో ఉందో నీ దగ్గర ఉందో ఇప్పుడే చూసుకో.

గేదె. అత్తగారి మాట కొట్టిపారేయకు, ఆవిడ అన్నది నిజమే, పాడిగేదె అంటే నెలనెలా ఇంట్లోకి వచ్చే డబ్బు, పైగా ఆవిడ చేత్తో మేపింది. కానీ పశువుని పడవ మీద ఆఖరి నిమిషంలో ఎక్కించడం కుదరదు, మనుషులకే చోటుండదు. మొదటి హెచ్చరికకే గేదెని నడిపించి ఏటిగట్టు మీదకి తోలించెయ్యాలి, దారి పొడిగా ఉన్నప్పుడు అది తాపీగా నడుస్తుంది. గట్టు మీద ఎవరి దగ్గర కట్టాలి, గడ్డి ఎవరిస్తారు, పాలు ఎవరు తీసుకుంటారు ఇవన్నీ ఇప్పుడే ఒక ఇంటితో మాట్లాడుకో, పాలు వాళ్లనే వాడుకోమంటే ఎవరైనా ఒప్పుకుంటారు. రెండు మోపుల ఎండుగడ్డి ముందే అక్కడ వేయించు. చెవి ట్యాగ్ నంబరు కనబడేలా ఒక ఫొటో తీసుకో, ఇన్సూరెన్స్ ఉంటే అవసరమవుద్ది. అప్పటికీ తోలడం కుదరలేదు అనుకో, వెళ్లేముందు పాక తలుపు తీసి మెళ్లో పలుపు విప్పి వదిలెయ్యి. గేదె బాగా ఈదుతుంది, మెరక వెతుక్కుంటుంది, కట్టుగొయ్యకి కట్టేసి ఉన్నదే మునిగి చచ్చిపోతుంది. ఆవిడకి ఇది మీ ఆయన చేత ఫోన్‌లో చెప్పించు, కొడుకు చెప్తే ఇంకోలా వింటారు. గేదె గట్టు మీద ఉంటే ఆవిడ కూడా గట్టు మీదకి వస్తారు, దాని కోసమైనా వస్తారు.

ఇక ఆవిడ మనసు. మామయ్యగారి ఫొటో దించమన్నారని రాశావు, అది రాసిన తీరులో కొంచెం విసుగుంది, నాకర్థమైంది, నీళ్లు వాకిట్లోకొస్తుంటే ఫొటో ఏంటి అనిపిస్తుంది. కానీ చూడు, ఆవిడ పడవ దాకా రావాలంటే ఆ ఫొటో రావాలి. అప్పుడది దండగ బరువు కాదు. అద్దం, ఫ్రేము పట్టుకుని పడవెక్కడం ప్రమాదం, అందుకని ఈ వారంలోనే ఆవిడ ఎదురుగానే ఫొటో ఫ్రేములోంచి తీయించి స్టూడియోలో రెండు చిన్న కాపీలు వేయించి లామినేషన్ చేయించు, ఒకటి ఆవిడ చేతి సంచిలో, ఒకటి బ్యాగులో, అసలుది ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు లాకర్‌కి. ఆవిడ సంచి ఆవిడనే సర్దుకోనివ్వు, దేవుడి గూట్లో చిన్న విగ్రహం, కుంకుమభరిణె, కళ్లజోడు, ఏదైనా సరే, సంచి సైజు మాత్రం నువ్వు చెప్పు, అందులో ఏముండాలో ఆవిడిష్టం. పిల్లలక్కూడా అంతే, ఒక్కొక్కళ్లకి ఒక బొమ్మో పుస్తకమో, పునరావాస కేంద్రంలో స్కూలు గదిలో అంతమంది మధ్యన రాత్రి పడుకోవాలంటే వాళ్లకి వాళ్లదంటూ ఒకటి చేతిలో ఉండాలి.

ఇన్సులిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు నిజంగా భయమేసింది అక్కడే. వాడుతున్న సీసా ఫ్రిజ్‌లో లేకపోతే పాడైపోతుందని చాలామంది అనుకుని వదిలేసి వస్తారు. అలా కాదు, మూత తీసి వాడుతున్న సీసా మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుంది, ఎన్నాళ్లన్నది ఒక్కో రకానికి కొంచెం తేడా, అట్టపెట్టె మీద రాసుంటుంది చూడు. ఎండ తగలకూడదు, గడ్డ కట్టకూడదు, ఐసుముక్క నేరుగా ఆనకూడదు. వాడని సీసాలే ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోయినచోట వాటికి మన పాత పద్ధతే పనికొస్తుంది, చిన్న మూతడబ్బాలో సీసాలు పెట్టి నీళ్లు చొరబడకుండా బిగించి, చుట్టూ తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టడం, గుడ్డ ఆరిపోకుండా చూడటం. ఫ్రిజ్ తలుపు మీద లావు అక్షరాలతో "ఇన్సులిన్" అని కాగితం అంటించు, బయల్దేరే రోజు కళ్ల ముందు కనబడాలి. సిరంజీలో పెన్ను సూదులో, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, బీపీ బిళ్లలు రెండు వారాలకి సరిపడా ఎప్పుడూ విడిగా ఒక డబ్బాలో ఉంచు, నెలకోసారి ఆ డబ్బాలోవి వాడేసి కొత్తవి పెట్టు, లేకపోతే డేటు అయిపోతాయి. మందుల చీటీ ఫొటో ఫోన్లో.

ఇంకో సంగతి, క్యాంపుల్లో భోజనం ఫలానా టైంకి వస్తుందని నమ్మకం ఉండదు, పులిహోర పొట్లం తొమ్మిదికి అని చెప్పి పదకొండుకి రావచ్చు. అన్నం చేతిలోకి వచ్చాకే సూది వేయాలి. ముందే వేసేసి తిండి రాకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి పడిపోతారు, అది షుగర్ పెరగడం కన్నా తొందరగా ప్రమాదం తెస్తుంది. ఆవిడ సంచిలో గ్లూకోజ్ పొడి గానీ బెల్లంముక్క గానీ తప్పకుండా ఉండాలి. తిండి తక్కువైన రోజు ఎన్ని యూనిట్లు వేయాలో ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడిగి కాగితం మీద రాయించుకో.

ఇవన్నీ అయ్యాక బ్యాగు పెద్ద పనేం కాదు. పిల్లాడి పాత స్కూలు బ్యాగు చాలు, వీపుకి తగిలించుకునేదే కావాలి, చేతిసంచి వద్దు. మోకాలు లోతు నీళ్లలో నిలబడి ఊగుతున్న పడవలోకి ఎక్కాలి అంటే నీకొక చెయ్యి పిల్లలకి, ఒక చెయ్యి అత్తగారికి కావాలి, మిక్సీకి మూడో చెయ్యి లేదు. మందుల డబ్బా, తలా ఒక జత బట్టలు, చీర కన్నా తొందరగా ఆరే నైటీయో చుడీదారో, ఒక దుప్పటి, టార్చి, పవర్‌బ్యాంకు, తలా ఒక నీళ్లసీసా, అటుకులు బిస్కెట్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీకు ప్యాడ్స్, చిల్లర నోట్లు కొన్ని, అవి వందలూ యాభైలూ అయితే మంచిది, సెల్ టవర్ పనిచేయకపోతే ఫోన్‌పే పనిచేయదు. ఫోన్ నంబర్లు నాలుగు కాగితం మీద రాసి పిల్లల జేబుల్లో పెట్టు. చీరలు, పుస్తకాలు, బియ్యం, మిక్సీ అన్నీ కవర్లలో కట్టి అటక మీదకి.

ఇల్లు వదిలేముందు కరెంటు మెయిన్ ఆపెయ్యి. సిలిండర్‌కి రెగ్యులేటర్ తీసి మూత బిగించి, తాడుతో కిటికీ ఊచకి కట్టెయ్యి, సిలిండర్లు నీళ్లలో తేలి కొట్టుకుపోతాయి. ఇంట్లో ప్రతి గది ఒక్కసారి వీడియో తీసి మీ ఆయనకి పంపు, తర్వాత నష్టం రాసుకోడానికి వచ్చినప్పుడు ఏమున్నాయో చూపించొచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో ఎదురింటోళ్లకి ఒక మాట చెప్పు. తిరిగొచ్చాక కర్రతో తట్టి శబ్దం చేస్తూ లోపలికి వెళ్లు, వరద తర్వాత పాములు మంచాల కింద, బట్టల మూటల్లో ఉంటాయి, గోడలు, వైరింగు ఆరి ఎలక్ట్రీషియన్ చూసేదాకా కరెంటు వేయొద్దు.

నంబర్లు రాసుకో: జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, ఏ ఆపదకైనా 112, అంబులెన్స్ 108, వంటగ్యాస్ లీకైతే 1906. మీ ఊరి ఆశా కార్యకర్తకి, గ్రామ సచివాలయంలోను ముందే చెప్పి ఉంచు, మా ఇంట్లో ఇన్సులిన్ మీద ఉన్న పెద్దావిడ ఉన్నారు, మగదిక్కు ఊళ్లో లేరు, మొదటి ట్రిప్పులోనే మమ్మల్ని పంపండి అని. అలా అడగడం నామోషీ ఏం కాదు, నెలలు నిండిన గర్భిణుల్ని, మంచం పట్టినవాళ్లని ముందు తరలించడానికి వాళ్ల దగ్గర పేర్లు రాసుకుంటారు, ఆ కాగితంలో అత్తగారి పేరు కూడా ఉండేలా చూసుకో.